కావడి డబ్బాలు

నా బండికి వెనకాల రెండు పక్కలా రెండు నీలం క్యాన్లు ఉంటాయి. సంతలో బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి వేలితో తట్టి చూస్తారు. "పాలు పోస్తన్నారేటి మేష్టారూ?" అని ఒకరు అడిగితే, "పాలో ఇంకేటో!" అని పక్కవాళ్లు నవ్వుతారు. లోపల సుద్దముక్కలు, పలకలు, నోటు పుస్తకాలు, ఒక్కోరోజు గుడ్లు ఉంటాయి. చేసినవాణ్ణి నేనే. ఎలా చేశావు, ఎంతయింది అని అడిగే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు గనుక అదంతా ఒకచోట రాద్దామనుకున్నాను. రాయడానికి కూచుంటే డబ్బాల కన్నా వేరే సంగతులే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

పాడేరు ఏజెన్సీలో మాది ఏకోపాధ్యాయ పాఠశాల. మండల కేంద్రం నుంచి పంతొమ్మిది కిలోమీటర్లు. పదిహేను దాకా తారు, మిగిలిన నాలుగూ ఎర్రమట్టి, మధ్యలో ఒక గెడ్డ. బడికి ఏ వస్తువు వచ్చినా తారురోడ్డు దగ్గర దించేసి వెళ్లిపోతారు. అక్కడి నుంచి మేష్టారి బండే లారీ. డి.ఎడ్ చదివేటప్పుడు పిల్లల మనస్తత్వం చెప్పారు, పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పారు. ముప్పై గుడ్ల అట్ట ఒకటి, పుస్తకాల కట్ట రెండు వేసుకుని గెడ్డ దాటడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

మొదట్లో అందరిలాగే గోనెసంచి సీటు మీద పెట్టి, పాత సైకిలు ట్యూబును చీలికలు చేసి బిగించి కట్టేవాణ్ణి. ఆ రబ్బరు మంచిదే. ఇప్పటికీ బండిలో రెండు ముక్కలు లేకుండా బయలుదేరను. కానీ సంచి బరువంతా పైన ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి లాగుతుంది, మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకి తోస్తుంది.

2009లో వానాకాలం మొదట్లో అనుకుంటా, గెడ్డలో ముందు చక్రం రాయి ఎక్కి జారింది. నాకేం కాలేదు. సంచి నీళ్లలో పడింది. అందులో ఉన్నవి కువి భాషలో అచ్చయిన మొదటి తరగతి పుస్తకాలు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, అంటే కువి, సవర, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియాల్లో, పిల్లలకు సొంత భాషలో చదువు మొదలుపెట్టారు. ఆ పుస్తకాలు మా బడికి సరిపడా ఎప్పుడూ రాలేదు. ఎంతో తిరిగి పక్క మండలంలో మిగిలినవి అడిగి తెచ్చుకుంటున్నాను.

నేను కొండదొరను. మా బడి ఊరు కోదులది. వాళ్ల మాట నాకు కొంచెమే వచ్చు. ఆ పుస్తకం నాకే ఎక్కువ అవసరం. పిల్లలు బండల మీద పుస్తకాలు పరిచి, ఒక్కో పేజీ మధ్య అడ్డాకు పెట్టి ఆరబెట్టారు. సగం పేజీలు అతుక్కుపోయాయి. ఒక పాప అతుక్కున్న రెండు పేజీలు పట్టుకుని, "ఇందులో ఏటుంది మేష్టారూ?" అని అడిగింది. నాకు తెలీదు. మళ్లీ ఆ పుస్తకం ఇంకో ప్రతి నాకు దొరకలేదు. అందులో ఏముందో ఇప్పటికీ తెలీదు.

ఆ వారమే నూనె టిన్నులు తెచ్చాను. హాస్టళ్లలో, హోటళ్లలో వాడి పారేసే పదిహేను కిలోల నూనె టిన్ను మీకు తెలిసిందే. రెండు టిన్నుల పైభాగం కోసి, అంచులు సుత్తితో మడిచి, ఇనప తీగతో సీటు వెనక కడ్డీకి వేలాడదీశాను. దారి పొడుగునా డప్పు వాయించుకుంటూ పోయినట్టుండేది. ఊళ్లో కుక్కలన్నీ నా రాక ముందే కనిపెట్టేసేవి. తీగ రాసుకుని రాసుకుని నెలలో ఒక టిన్నుకు చిల్లుపడింది, వానకు రెండూ తుప్పు పట్టాయి. మడిచిన అంచు విప్పుకుని నా పిక్క తెగింది. ధనుర్వాతం సూది వేయించుకున్నాను. పైగా గుడ్ల అట్ట ఆ టిన్నులో పట్టదు. అట్ట అడుగు వెడల్పు, టిన్ను జానెడు.

మా అయ్య అప్పటికి బతికే ఉన్నాడు. అరుగు మీద కూచుని నా తంటాలు చూస్తూ చాలా రోజులు ఏమీ అనలేదు. ఒక సాయంత్రం టిన్నులు విప్పుతుంటే అన్నాడు: "నువ్వు కావడి ఎప్పుడైనా ఎత్తేవేట్రా?"

ఎత్తలేదు. నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. కావడి మోసింది ఆయన. పసుపు, అల్లం, చింతపండు, అడ్డాకుల కట్టలు కొండ దిగి సంతకు, సంత నుంచి ఉప్పు, ఎండు చేపలు, కిరసనాయిలు కొండ ఎక్కి ఇంటికి. భుజం మీద బద్ద ఒరుసుకున్నచోట ఆయనకు చర్మం చెప్పు అట్టలా ఉండేది. ఆ రోజు కావడి గురించి ఆయన చెప్పినంత ఎప్పుడూ చెప్పలేదు. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి, ఒక పక్క సరుకు లేకపోతే రాయి పెట్టాలి గానీ ఖాళీగా మోయకూడదు. ఉట్టి తాళ్లు పొట్టిగా ఉంటే నడకకు ఊగదు, పొడుగ్గా ఉంటే గంప ఊగి మనిషిని ఊపుతుంది. దిగుడులో గంపను చేత్తో పట్టుకోవాలి. గంప నిండా సరుకుంటే కదలదు, సగం ఉంటే లోపల దొర్లుతుంది, అందుకని పైన ఆకులు కుక్కాలి. చివర ఒక మాట అన్నాడు: "నీ బండికి నడుమే భుజం. ఆ భుజానికి దూరంగా ఏదీ కట్టకు."

ఇప్పుడు ఇంజనీర్లు చెప్పే గరిమనాభి అదే. తరగతిలో నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! బండి మీద కట్టేటప్పుడు గుర్తు రాలేదు. బరువు వెనక చక్రం ఇరుసు కన్నా వెనక్కి పోతే ముందు చక్రం తేలికైపోతుంది, ఎత్తులో హ్యాండిలు చెప్పిన మాట వినదు. ఇరుసుకు ముందుగా, వీలైనంత కిందగా, ఊగకుండా ఉండాలి.

క్యాన్లు దొరకడానికి చాలాకాలం పట్టింది. ముప్పై అయిదు లీటర్ల నీలం ప్లాస్టిక్ క్యాన్లు, పలకలుగా ఉండేవి. మండల కేంద్రంలో పాత సామాన్ల కొట్టులో ఒక్కోటి నూట యాభైకి మూడు తీసుకున్నాను. ఇక్కడ కుర్రాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. క్యాను కొనేముందు అందులో ఇంతకుముందు ఏం పోశారో అడగండి. చీటీ ఉంటే చదవండి, మూత తీసి వాసన చూడకండి. పురుగుమందు పోసిన క్యాను ఎన్నిసార్లు కడిగినా పనికిరాదు, ఆ మందు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. మన ఊళ్లలో అలాంటి క్యాన్లతో తాగే నీళ్లు పట్టేవాళ్లను నేను చూశాను, పోట్లాడాను కూడా. పెట్రోలు, రంగుల్లో కలిపే టిన్నరు పోసినవి అసలు ముట్టకండి. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. గ్రైండరు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. నేను తెచ్చినవి సబ్బునీళ్ల క్యాన్లు. అయినా మూడు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టాను.

కోయడానికి హాక్సా బ్లేడు చాలు. ముందు పెన్నుతో చుట్టూ గీత గీయాలి. నేను కంటి అంచనాతో కోసి మొదటి క్యాను వంకర చేసుకున్నాను. రెండు క్యాన్ల తలలు కోసేశాక మూడో క్యాను పై నుంచి, కింద నుంచి నాలుగేసి వేళ్ల ఎత్తున కోస్తే రెండు మూతలు వస్తాయి. పైనుంచి వచ్చినదానికి నోటి బిరడా అలాగే బిగించి ఉంచాలి. కొలత ఒకటే గనుక మూత డబ్బా మీద కూచోదు. నాలుగు మూలలా చీల్చి, కొంచెం వెడల్పు చేసి, చీలిన చోట పైన ట్యూబు ముక్క వేసి రివిట్లు కొట్టాను. మూత అంచు డబ్బా అంచును దాటి కిందికి రావాలి, మన ఇంటి చూరు గోడను దాటి వచ్చినట్టు. అప్పుడు ఎంత వాన కొట్టినా నీళ్లు బయటికే కారతాయి. జిగురు పెట్టాలని చూడకండి, ఈ ప్లాస్టిక్‌కు ఏ జిగురూ అంటదు. వంద రూపాయల జిగురు పెట్టి, రెండో రోజే ఊడదీసుకున్నాను. మూతకు బందు కూడా ట్యూబు రబ్బరే. ఇనప బందు వేస్తే కుదుపులకు ప్లాస్టిక్ చిరుగుతుంది.

చట్రం మాత్రం నా చేత కాలేదు. వెల్డింగు షాపులో తమ్ముడొకడు ఇనప పట్టీతో రెండు చట్రాలు చేశాడు. ఇనుము, కూలి కలిపి తొమ్మిది వందలు. వాటిని సీటు కింది కడ్డీకి, వెనక ఫుట్‌రెస్టు దగ్గర బోల్టుకు బిగించాం. బండి చట్రానికి నేరుగా వెల్డింగు పెట్టనివ్వలేదు. వేడికి అక్కడ ఇనుము బలం తగ్గుతుంది, రేపు డబ్బాలు వద్దనుకుంటే విప్పే వీలూ ఉండదు. డబ్బాను చట్రానికి బిగించే చోట లోపల, బయట రూపాయి బిళ్లకన్నా పెద్ద వాషర్లు వేశాను. చిన్న వాషరు వేస్తే గతుకుల్లో ప్లాస్టిక్‌ను కోసుకుని బయటికి వచ్చేస్తుంది.

ఎడమ పక్క చీర గార్డు అడ్డం వచ్చింది. దాన్ని తీసెయ్యమన్నాడు తమ్ముడు. మా ఆవిడ వెనక కూచుంటుంది, తియ్యనన్నాను. గార్డు మీదుగానే చట్రం కట్టాం. తీరా ఆమె కూచోబోతే కాళ్లు పెట్టుకోడానికి చోటు లేదు. "నన్ను దించేసి డబ్బాలు ఎక్కించావు" అంది. అందుకే ఇప్పుడు చట్రం నుంచి డబ్బా ఊడి వచ్చేటట్టు రెండేసి పిన్నులు పెట్టించాను. ఆదివారం డబ్బాలుండవు.

మొదటి రోజే కుడి డబ్బా అడుగు సైలెన్సరు వేడికి మెత్తబడి సాగింది. పాత నూనె టిన్ను రేకు అప్పుడు పనికొచ్చింది. సైలెన్సరుకు, డబ్బాకు మధ్య రెండు వేళ్ల ఖాళీ వదిలి ఆ రేకు అడ్డం పెట్టాను. ఇంకో రోజు ఎడమ డబ్బా నింపి కుడిది నింపేలోగా సైడుస్టాండు మీదున్న బండి ఎడమకు పడింది. ముందు కుడివైపు నింపాలని అలా తెలిసింది. ఒక్కో పక్క పది కిలోలు దాటనివ్వను. వెనక టైరులో గాలి చూసుకుంటాను, దిగుడులో రెండో గేరు దాటను. వెనక ఇండికేటర్లు కనపడేలా, డబ్బాల వెడల్పు హ్యాండిలు వెడల్పుకు లోపలే ఉండేలా చూసుకున్నాను. గుడ్లకు మాత్రం మా అమ్మ పద్ధతే. అట్ట వదిలేసి, అడుగున వరి ఊక, దానిమీద గుడ్ల వరస, మళ్లీ ఊక. ఇన్నేళ్లలో పగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయ్య వచ్చి చట్రం పట్టుకుని ఊపి చూశాడు. ఊగలేదు. ఏమీ అనలేదు. అది ఆయన మెచ్చుకోలు.

దాదాపు తొమ్మిదేళ్లు ఆ డబ్బాలను ఎవరూ అనుమానంగా చూడలేదు. 2021 చివర్లో మా ఏజెన్సీలో గంజాయి తోటలు నరికే పని పెద్దఎత్తున మొదలైంది. దారుల్లో తనిఖీలు పెరిగాయి. తప్పని నేననను. గంజాయి మా పిల్లల్ని ఎలా తింటోందో నాకు తెలుసు. ఒక సాయంత్రం ఒకచోట నన్ను ఆపారు. డబ్బాల్లో ఏముందన్నారు. పుస్తకాలు, గుడ్లు అన్నాను. ఊకలో ఏం దాచావన్నారు. టీచర్నని కార్డు చూపించాను. కార్డు చూసిన తరువాత కూడా రెండు డబ్బాలూ రోడ్డు మీద బోర్లించారు. ఊక గాలికి ఎగిరిపోయింది. గుడ్లు సగం పగిలాయి. నా బడి పిల్లాడి తండ్రి ఒకాయన అదే చోట జీపులోంచి దిగి నిలబడి చూస్తున్నాడు. నా వెనకే కిందినుంచి వచ్చిన ఒక మేష్టారి కారు, చెయ్యి ఊపితే వెళ్లిపోయింది. ఆయనది తప్పేం లేదు. మర్నాడు ఆ పిల్లాడు బడికి రాలేదు. ఆ మర్నాడు వచ్చాడు. నేనేం అడగలేదు, వాడేం చెప్పలేదు.

ఆ వారం డబ్బాలు విప్పి ఇంట్లో పెట్టేశాను. తరువాత ఒక పాత ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను కోసి, ఆ పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను డబ్బా పక్కన కిటికీలా బిగించాను. చుట్టూ ట్యూబు పట్టీ వేస్తే నీరు దిగలేదు. బయటి నుంచి లోపలున్నది కనిపిస్తుంది. తెల్లరంగుతో 'బడి సామాను' అని తెలుగులో రాసి, దాని కింద పిల్లలతో కువిలో రాయించాను. తాళం ఎప్పుడూ లేదు, ఇప్పుడూ పెట్టలేదు. నా స్నేహితుడు, ఇంకో బడి మేష్టారు, ఆ కిటికీ చూసి కోప్పడ్డాడు. "మన సామాను మనం ఎందుకు చూపించుకోవాల? మనమేనా రుజువు చేసుకోవాల్సింది?" అన్నాడు. ఆయన మాట తప్పని చెప్పలేను. కిటికీ మాత్రం ఉంచాను. గుడ్లు పగలకుండా బడికి చేరడం ఆ రోజుల్లో నాకు ముఖ్యం.

మరుసటి ఏడాది నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు ఇంటికి వచ్చాడు. పది తప్పి, ఆటో తోలి, అది మానేసి ఊరికే ఉన్నాడు. చేతిపని బాగా తెలిసినవాడు. బండికి డబ్బాలు చేసి పెట్టమన్నాడు. సంతోషించాను. కొలతలు చెప్తుంటే మధ్యలో, అటు తిరిగి అడిగాడు: "అడుగున ఇంకో అడుగు పెట్టొచ్చా మేష్టారూ? పైకి తెలీకుండా?"

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. టీ తెమ్మని లోపలికి చెప్పాను. తాగాక అడిగాను, ఒక ట్రిప్పుకి ఎంతిస్తామన్నారని. వాడు చెప్పిన అంకె ఆటో తోలితే రెండు నెలలకు రాదు. నేను నీతి చెప్పలేదు. నల్లబల్ల మీద లెక్క చేసినట్టు చేశాను. ఒక్కో డబ్బాకి పది కిలోలు, రెండుకి ఇరవై. చట్టంలో గంజాయికి గీత గీసింది కూడా సరిగ్గా ఇరవై కిలోల దగ్గరే. అది దాటితే వ్యాపార పరిమాణం అంటారు. తక్కువలో తక్కువ పదేళ్లు జైలు, ఇరవై దాకా వెయ్యొచ్చు, లక్ష తగ్గకుండా జరిమానా. బండి పోతుంది. బెయిలు దొరకడం చాలా కష్టం. దాటకపోయినా, కిలో పైన ఉంటే పదేళ్ల దాకా వెయ్యొచ్చు. "నీకిప్పుడు ఇరవై రెండు. కూడుకో" అన్నాను. సరుకు ఇచ్చినవాడు ఆ రోజు దారిలో ఉండడు, బండి మీదున్నవాడే ఉంటాడు, అది మాత్రం రెండుసార్లు చెప్పాను.

వాడు లెక్క కూడలేదు. తలొంచుకుని, "మరి పని చూపించండి" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ పెద్దగా లేదు. పెరట్లో మిగిలిన క్యాన్లు మూడు ఉంటే ఇచ్చాను. హాక్సా, రివిట్లు ఇచ్చాను. నా కళ్ల ముందే ఒక సాయంత్రం కూచుని కోశాడు, నాకన్నా తిన్నగా కోశాడు. ఒక్క అడుగే పెట్టాడు. చట్రం తనే చేయించుకుంటానని పట్టుకుపోయాడు. నెలన్నర దాకా కనపడలేదు. ఆ నెలన్నరా పేపర్లో గంజాయి కేసు వార్త వచ్చినప్పుడల్లా పేర్లు చదివేవాణ్ణి.

ఒక శుక్రవారం పని మీద వెళ్లి అరకు సంతలో వాడి బండి చూశాను. నీలం డబ్బాలు రెండు, మూతలు తెరిచి ఉన్నాయి. పక్క ఊరి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వాడిచేత అల్లం దింపించుకుంటున్నారు. జీపు రాని నాలుగైదు ఊళ్ల నుంచి బస్తాకింత అని సంతకు తెచ్చిపెడుతున్నాడట. మిగిలేది పెట్రోలు పోగా తక్కువే అన్నాడు. సరే, మంచిదే అన్నాను. అంటూనే నా చెయ్యి కుడి డబ్బాలోకి పోయింది. అల్లం కిందికి దూర్చి అడుగు తడిమాను. వేలి కొసకు తడి మట్టి, దాని కింద గట్టిగా ఒక్కటే అడుగు.

చెయ్యి తీసేసరికి వాడు నన్నే చూస్తున్నాడు. "రెండోది కూడా చూసుకోండి మేష్టారూ" అన్నాడు. కోపంగా అనలేదు. నవ్వుతూనూ అనలేదు. రోడ్డు మీద ఊక ఎగిరిపోయిన సాయంత్రం నా మొహం ఎలా ఉందో నాకు కనపడలేదు గానీ, వాడి మొహంలో అప్పుడు కనపడింది.

రెండోది చూడలేదు. కుడి పక్క బరువు ఎక్కువైందిరా అన్నాను. నిజంగానే ఎక్కువైంది, బండి ఆ పక్కకు దిగి ఉంది. వంగి రెండు మూడు కిలోల అల్లం ఎడమ డబ్బాలోకి మార్చాను. వాడు బండి పట్టుకున్నాడు.